టచ్‌లైన్ బయట మన నోరు

(సికింద్రాబాద్‌లో పిల్లల ఫుట్‌బాల్ సీజన్ షురూ అయ్యే ముందు, ఒక ఆదివారం పొద్దున కోచ్‌లతో, పేరెంట్స్‌తో మాట్లాడింది. రికార్డింగ్ విని రాసినం, మాట మాట్లాడినట్టే ఉంచినం.)

మైక్ వినపడుతుందా? వెనకాల చెట్టు కింద ఉన్నోళ్లు జర చెయ్యి ఎత్తండి. సరే. ఎండ ఎక్కకముందే అయిపోగొడ్త, తొమ్మిదింటికల్లా పిల్లలకు గ్రౌండ్ కావాలె, మనం ఇక్కడ కూసొని ఉపన్యాసాలు చెప్పుకుంటుంటే వాళ్లు అక్కడ గేటు దగ్గర బాటిల్‌తోని ఆడుతున్నరు, చూడండి, షూస్ కూడా వేసుకున్నరు.

నన్ను పిలిచింది కోచింగ్ స్టాండర్డ్స్ గురించి మాట్లాడమని. పెద్ద మాట అది. నేను స్కూల్ల పీఈటీగా చేసిన, తర్వాత ఇరవై ఏండ్లకు పైనే పిల్లలకు ఆట నేర్పిస్తున్న, నాకు తెలిసినంతల ఈ స్టాండర్డ్స్ అన్నిట్ల సగం ఒక్క దగ్గరే ఉన్నయి, ఇగో ఇక్కడ, మన నోట్లె. అందుకే ఇయాల మన నోరు గురించే మాట్లాడుత. ముందు నా నోరు, తర్వాత మీది.

నాలుగేండ్ల కింద అండర్ టెన్ మ్యాచ్ ఒకటి అయింది. ఒక పిల్లగాడి డాడీ మ్యాచ్ మొత్తం ఫోన్ల తీసిండు, సాయంత్రం నాకు వాట్సాప్ చేసిండు, సార్ మావాడి గోల్ చూడండి అని. రాత్రి అన్నం తినుకుంట పెట్టిన. గోల్ బాగనే ఉంది. కానీ పిల్లల సౌండే లేదు అందుల, ఒక్కడి గొంతే వినపడుతుంది. పాస్, పాస్, పాస్ ఇవ్వరా, లేట్, లేట్, వెనక్కి రా, అరే వాన్ని పట్టుకోరా, నిద్రపోతున్నవా. వంటింట్లకెళ్లి మా ఆవిడ అడిగింది, ఎవరండి ఆ మనిషి, గంత గనం ఒర్లుతుండు, పిల్లలు దడుసుకోరా అని. (నవ్వులు) ముద్ద గొంతుల పడ్డది నాకు. ఏం చెప్పాలె, ఎవరో అవతలి టీమ్ కోచ్ అని చెప్పిన. (నవ్వులు) నిజమే, అబద్ధం చెప్పిన, స్పోర్ట్స్‌మన్‌షిప్ గురించి మాట్లాడనీకి వచ్చినోన్ని.

ఆమె పండుకున్నంక మళ్ల పెట్టి, కాగితం మీద గీతలు గీసుకుంట లెక్కపెట్టిన. పది నిమిషాల్ల ఎనభై మూడు సార్లు అరిచిన. అంటే ఏడు సెకన్లకు ఒకటి, కోడికూత కూడా అంత తొందరగ రాదు. తర్వాత సౌండ్ బంద్ చేసి చూసిన, అప్పుడు ఇంకా సిగ్గనిపించింది. ఎడమ దిక్కు ఆడే పిల్లగాడు ఉండె, సన్నగ, షిన్ ప్యాడ్లు మోకాళ్ల దాకా వచ్చేవి వానికి. బాల్ వాని కాలు దగ్గరికి వచ్చినప్పుడల్లా వాడు బాల్‌ను చూస్తలేడు, ముందు ఎవరున్నరో చూస్తలేడు, తల తిప్పి టచ్‌లైన్ దిక్కు, అంటే గ్రౌండ్ పక్క గీత దిక్కు చూస్తుండు. నా దిక్కు. సార్ ఏం చెప్తడో అని. ఆ అర సెకన్‌ల అవతలోడు వచ్చి బాల్ తీసుకపోతుండు. బాల్ పోయిందని మళ్ల నేనే తిడుతున్న, సౌండ్ బంద్ చేసినా నా చేతులు చూస్తే తెలుస్తుంది కదా.

దీన్నే జాయ్‌స్టిక్ కోచింగ్ అంటరు, వీడియో గేమ్ ఆడినట్టు పిల్లలను బయటకెళ్లి ఆడించుడు. ఫుట్‌బాల్ల కాలు చేసే పని చివరిది, దానికి ముందు రెండు పనులు ఉంటయి, చూసుడు, ఏం చెయ్యాలో అనుకునుడు. ఆ రెండూ మనమే చేసేస్తే పిల్లగానికి మిగిలింది తన్నుడే. పదేండ్లప్పుడు నడుస్తది అది, గ్రౌండ్ చిన్నది, అరిస్తే వినపడ్తది, కప్పు కూడ వస్తది. పద్నాలుగు పదిహేనేండ్లు వచ్చి పదకొండు మందితో పెద్ద గ్రౌండ్ల పడేసినంక అవతలి మూల ఉన్నోనికి మన గొంతు అందదు, వానికేమో సొంతంగ చూసే అలవాటే లేకపాయె. అప్పుడు మనమే అంటం, చిన్నప్పుడు మస్తు ఆడేటోడు సార్, ఎందుకో ఖరాబైండు అని.

మన కోచ్‌లల్ల డీ లైసెన్స్ చేసినోళ్లు ఎంతమంది? ఒకటి, రెండు, నాలుగు, ఆరు. మంచిది. చెయ్యనోళ్లు కూడ చెయ్యండి, మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్‌ఎఫ్ ఇచ్చే డీ లైసెన్స్ కింది మెట్టు, దాని మీద ఆసియా ఫుట్‌బాల్ సంఘం ఏఎఫ్‌సీ సీ, బీ, ఏ, ఆఖరికి ప్రో. పేరెంట్స్ కూడ అకాడమీల చేర్పించే ముందు అడగాలె, సార్ మీ దగ్గర ఏ లైసెన్స్ ఉంది అని, అడిగితే తప్పేం లేదు, ఫీజు కడుతున్నరు కదా. కానీ కాగితం చూసి ఊకోకండి, ఒక పూట వచ్చి కూసొని ప్రాక్టీస్ చూడండి. ఇరవై మంది పిల్లలు ఒకటే లైన్ల నిలబడి, ముందటోడు కోన్ల మధ్యల నుంచి బాల్ తీసుకపోయి గోల్ కొట్టి వచ్చేదాకా మిగిలినోళ్లు ముక్కుల వేలు పెట్టుకొని నిలబడే డ్రిల్ చూసిన్రా ఎప్పుడన్నా? లెక్కెయ్యండి. ఒక్కొక్కనికి పదిహేను సెకన్లు, ఇరవై మంది, అంటే ఐదు నిమిషాలకోసారి వంతు వస్తది. ఇరవై నిమిషాల డ్రిల్ల ఒక్కో పిల్లగాడు నాలుగు సార్లు ఆడిండు. ఆ నాలుగు సార్ల కోసం వాళ్లమ్మ చీకట్ల లేచి టిఫిన్ కట్టింది, వాళ్ల డాడీ ఉప్పల్ కెళ్లి స్కూటీ మీద తెచ్చిండు. అదే ఇరవై మందిని నాలుగు గ్రౌండ్లు చేసి ఐదుగురు ఐదుగురుగా, ఇద్దరి మీద ముగ్గురిని ఆడిస్తే ఎన్నిసార్లు తాకుతరు బాల్‌ను, నేను చెప్పాల్సిన పని లేదు. కోచ్‌కేమో లైన్ డ్రిల్ ఇష్టం, డిసిప్లిన్ ఉన్నట్టు కనపడ్తది, ఫొటోకు బాగుంటది.

ఇంకోటి, తప్పు చేస్తే రౌండ్లు కొట్టించుడు. పాస్ మిస్సయితే ఐదు రౌండ్లు. ఉరుకుడు ఫుట్‌బాల్ల ఉండే సంతోషం అయ్యా, దాన్నే శిక్ష చేస్తే ఎట్ల?

రహీం సాబ్ గురించి చెప్పకుంట హైదరాబాద్‌ల ఫుట్‌బాల్ మాట్లాడితే పాపం తగుల్తది. పిల్లలకు తెల్వదు, కొంతమంది పేరెంట్స్‌కు సినిమా వచ్చినంక తెలిసింది. సయ్యద్ అబ్దుల్ రహీం, మన ఊరోడు, బడి పంతులు. ఉస్మానియాల చదివి కాచిగూడ మిడిల్ స్కూల్ల అవీ పాఠాలు చెప్పినాయన, తర్వాత 1943ల హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయిండు, సిటీ పోలీస్ టీమ్‌ను తయారుచేసిండు, 1950 నుంచి 1954 దాకా వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్ వాళ్లదే. ఇండియా కోచ్‌గ 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ గోల్డ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1962 జకార్తాల మళ్ల గోల్డ్. ఆ టీమ్‌ల తులసీదాస్ బలరాం ఉండె, ఇగో ఈ పక్కనే అమ్ముగూడ పిల్లగాడు.

ఇవన్నీ రికార్డులు, గూగుల్ చేస్తే వస్తయి. నాకు నచ్చింది వేరే. రహీం సాబ్ చిన్న పిల్లలకు వింత టోర్నమెంట్లు పెట్టేటోడు. ఒకదాంట్ల డ్రిబ్లింగే, అంటే బాల్‌ను కాలుతోని ముందుకు తీసుకపోవుడే, చెయ్యొద్దు. ఇంకోదాంట్ల చేతగాని కాలుతోనే ఆడాలె, కుడి కాలోడు ఎడమతో. ఆలోచించండి, డ్రిబ్లింగ్ లేదంటే బాల్ రాకముందే తల ఎత్తి ఎవరున్నరో చూసుకోవాలె, తప్పదు, పాస్ పాస్ అని ఎవడూ అరవక్కర్లేదు. రూలే నేర్పిస్తుంది వాన్ని. ఆయన రూల్ మార్చిండు, మనం గొంతు పెంచినం, అంతే తేడా.

జకార్తా ఫైనల్ సంగతి తీసుకుందాం. గ్రూప్‌ల సౌత్ కొరియా చేతుల 2-0తో ఓడిపోయినం, ఫైనల్ల మళ్ల వాళ్లే. స్టేడియంల లక్ష మంది, మొత్తం మన మీద కోపం, అప్పట్ల ఆ గేమ్స్‌కు తైవాన్‌ను, ఇజ్రాయెల్‌ను రానియ్యలేదని మనోళ్లు ఒకరు మాట్లాడిండని పెద్ద లొల్లి. జర్నైల్ సింగ్ అని మన డిఫెండర్, అంతకుముందు ఒక మ్యాచ్‌ల తలకు కుట్లు పడ్డయి, వెనకాల ఆడించనీకి కుదరదని రహీం సాబ్ వాన్ని ఫార్వర్డ్‌గ పెట్టిండు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1 గెలిచినం. లక్ష మంది ఒర్లుతుంటే రహీం సాబ్ లైన్ మీదకెళ్లి ఏం అరిచినా ఎవనికి వినపడ్తది? ఆయన చెప్పేదంతా విజిల్‌కు ముందే చెప్పిండు. అప్పటికే ఒంట్లె క్యాన్సర్, వచ్చే ఏడు జూన్‌ల పోయిండు.

సరే, ఇప్పుడు మంచిగ అనిపియ్యని సంగతి. వయసు. ఎవరూ చూపులు తిప్పుకోకండి. (నవ్వులు) అండర్ ట్వెల్వ్ టోర్నమెంట్‌ల మీసాలు దిగిన పిల్లలను మీరందరూ చూసిన్రు. నేను ఒక దగ్గర టేబుల్ మీద కూసొని కార్డులు చెక్ చేస్తున్న, ఒక పిల్లగాడు వచ్చిండు, నాకన్న అరచెయ్యి పొట్టిగ ఉండొచ్చు. ఏ క్లాస్ బాబూ అన్న. టెన్... అన్నడు, అని కోచ్ దిక్కు చూసిండు, చూసి, సిక్స్ సార్ అన్నడు. పుట్టినరోజు ఎప్పుడన్న. వాడు కండ్లు మూసుకున్నడు గుర్తుతెచ్చుకోనీకి. సొంత పుట్టినరోజు గుర్తుతెచ్చుకోనీకి! పాపం చెమట పట్టింది వానికి. వాడు మంచిగ ఆడుతడు, వాని వయసోళ్లతో ఆడినా మంచిగనే ఆడుతుండె. వానికి ఆ రోజు నేర్పించింది ఏంది అంటే, మన పెద్దసారే అబద్ధం చెప్పమన్నడు కాబట్టి ఆటల అబద్ధం నడుస్తది అని. ఇంక మనం వచ్చి డైవ్ కొట్టొద్దు, షర్ట్ గుంజొద్దు అంటే వింటడా?

పైన పెద్ద టోర్నమెంట్‌లకు పోతే మణికట్టు ఎక్స్‌రే తీస్తరు, టీడబ్ల్యూ3 అంటరు, ఎముకను బట్టి వయసు లెక్కగడ్తరు. అక్కడ దొరికితే పిల్లగాడే ఇంటికి పోతడు. తేదీ మార్చినోడు కాదు. ఎవరన్నా ఇక్కడ ఉంటే మీకే చెప్తున్న, పేర్లు చెప్పను.

రిఫరీల సంగతి. మన లీగ్‌ల విజిల్ పట్టుకునేటోళ్లు చాలమంది ఇంటర్, డిగ్రీ పిల్లలు. వాళ్లూ నేర్చుకునేటోళ్లే, పదేండ్ల పిల్లగాడు తప్పు పాస్ ఇచ్చినట్టు వాళ్లూ తప్పు ఆఫ్‌సైడ్ ఇస్తరు. వాళ్ల మీదకు నలభై ఐదేండ్ల మనిషి పోయి, నీకు రూల్స్ తెల్సా బే అంటుంటే నా కండ్లతో చూసిన. నిరుడు ఒక పిల్ల, మొదటిసారి రిఫరీగ వచ్చింది, హాఫ్ టైమ్‌ల వాటర్ డ్రమ్ము వెనకాల నిలబడి ఏడ్సింది, సెకండ్ హాఫ్ పూర్తిచేసింది, మళ్ల రాలే. విజిల్ వాపస్ ఇచ్చి పోయింది. ఈ సమస్య మన ఒక్కరిదే అని కాదు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏ వాళ్లు 2008లనే రెస్పెక్ట్ అని క్యాంపెయిన్ పెట్టిన్రు, పేరెంట్స్ నిలబడనీకి వేరే గీత గీసిన్రు, మొన్నమొన్న అక్కడ లోకల్ మ్యాచ్‌లల్ల రిఫరీల ఛాతీ మీద కెమెరాలు పెట్టి కూడ చూసిన్రు. కెమెరా దాక పోయింది కథ. మనకు అంత డబ్బు లేదు, నోరు మూసుకునుడు ఫ్రీ.

నిజాయితీ గురించి ఒకటి చెప్త, లివర్‌పూల్ ఫ్యాన్స్‌కు తెలిసే ఉంటది. 1997ల ఆర్సెనల్ మీద మ్యాచ్, రాబీ ఫౌలర్ కిందపడ్డడు, రిఫరీ పెనాల్టీ ఇచ్చిండు. ఫౌలర్ లేచి చేతులు ఊపుకుంట, లేదు లేదు కీపర్ నన్ను తాకలే అన్నడు. రిఫరీ విన్లే, పెనాల్టీ పెనాల్టే. కొడితే కీపర్ ఆపిండు, రీబౌండ్‌ల ఇంకొకడు వేసిండు. అంత పెద్ద మ్యాచ్‌ల, అంత పెద్ద ఆటగాడు. మన దగ్గర ఏమైతది? పోయిన సీజన్‌ల, నా టీమ్ కాదు, బాల్ బయటకు పోయింది, రిఫరీ గోల్ కిక్ ఇచ్చిండు, తొమ్మిదేండ్ల డిఫెండర్ చెయ్యి లేపి, సార్ నా కాలికే తగిలింది, కార్నర్ వాళ్లదే అన్నడు. నిజంగ ఒళ్లు జలదరించింది నాకు. వాని కోచ్ లైన్ మీదకెళ్లి, నిన్నెవడు అడిగిండ్రా అన్నడు. ఆ పిల్లగాడు ఆ మ్యాచ్‌ల మళ్ల నోరు తెరవలే.

అట్లని నేను శుద్ధపూసను కాదు, నా వాక్‌ఓవర్ కథ చెప్త. ఇది కూడ పాతదే. జిల్లాల నుంచి ఒక టీమ్ రావాలె, పొద్దున ఎనిమిదికి మ్యాచ్. బస్సు ఆలస్యం. ఎనిమిది పదిహేను దాకా చూస్తరు, రూల్ అది. నేను గడియారం చూసుకుంట నిలబడ్డ. పదహారుకు పోయి వాక్‌ఓవర్ అడిగిన, 3-0 రాయించుకున్న, సెమీస్ ఖాయం. ఎనిమిదీ ఇరవై ఐదుకు వాళ్లు ఆటోలల్ల దిగిన్రు, ఆటోలనే బట్టలు మార్చుకున్నట్టున్నరు, సాక్స్ వేసుకుంట ఉరికొస్తున్నరు. వాళ్ల సార్ నా దగ్గరికి వచ్చి, అన్నా పిల్లలు నాలుగింటికి లేచిన్రు, ఆడనియ్యన్నా అన్నడు. రూల్ రూలే కదా తమ్మీ అన్న. నా టీమ్‌ల గోలీ, అదే గోల్‌కీపర్, వచ్చి నా అంగీ గుంజి, సార్ మనం ఎప్పుడు ఆడుతం అన్నడు. గెలిచినం రా అన్న. వానికి అర్థం కాలే. అంటే ఆడమా సార్?

అరగంట అయినంక చూస్తే పిల్లలెవ్వరూ లేరు. గ్రౌండ్ వెనకాల ట్యాంకు పక్కన సందుల, చెప్పులు గోల్ పోస్టులు పెట్టుకొని, రెండు టీమ్‌లు కలిసిపోయి ఆడుతున్నరు, బిబ్స్ లేవు, ఎవడు ఎటు ఆడుతుండో నాకైతే సమజ్ కాలే, వాళ్లకు తెలుస్తుంది. మా గోలీ అవతలోళ్ల దిక్కు గోల్ల ఉండు. రిఫరీ లేడు, కోచ్ లేడు, ఒక్క కొట్లాట లేదు. ఎవనికో తగిలి కిందపడితే అందరూ ఆగిన్రు, వాడు లేచి తుడుచుకున్నంక మళ్ల షురూ. నేను ట్యాంకు చాటుకు నిలబడి చూసిన, ముందటికి పోనీకి మొహం చెల్లలే. ఆ సెమీస్ గెలిచినమా ఓడినమా ఇప్పుడు అడిగితే నాకు గుర్తులేదు, చెప్పుల మ్యాచ్ గుర్తుంది.

(ఒక పేరెంట్: మరి గెలవొద్దా సార్? గెలవాలనే కదా ఆట.)

గెలవాలె, ఎందుకు గెలవొద్దు. పిల్లలకు మనకన్నా ఎక్కువ కావాలె గెలుపు, ఓడిపోతే వాళ్లే ఏడుస్తరు, ఐదు నిమిషాలల్ల సమోసా కనపడితే మర్చిపోతరు, కార్ల ఇంటికి పోయేదాక మర్చిపోనిది మనం. నేను అనేది ఎనిమిదేండ్లోని మ్యాచ్‌ల గెలుపు ఎవనికి అవసరం అని. జర్మనీ వాళ్లు ఫుట్‌బాల్ల మనకన్న తక్కువోళ్లు కాదు కదా, నాలుగు సార్లు వరల్డ్ కప్ కొట్టినోళ్లు, వాళ్లు 2024-25 సీజన్ నుంచి చిన్న పిల్లలకు మొత్తం మార్చేసిన్రు, ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు, చిన్న చిన్న గోల్స్, పాయింట్ల పట్టిక లేదు. ఒక టీమ్ మూడు గోల్స్ వెనకబడితే ఇంకో పిల్లగాన్ని లోపలికి పంపొచ్చు. ఇది నాకు మస్తు నచ్చింది, మనం కూడ ఈ సీజన్ అండర్ ఎయిట్, అండర్ టెన్‌ల పెడుతున్నం. 14-0 అని వాట్సాప్ స్టేటస్ పెట్టుకునే కోచ్‌లకు కష్టమే. ఆ పద్నాలుగుల తొమ్మిదో గోల్ నుంచి ఎవరన్న ఏమన్న నేర్చుకున్నరా చెప్పండి, కొట్టినోడూ నేర్చుకోలే, తిన్నోడూ నేర్చుకోలే.

టైమ్ అయితుంది, కొన్ని తొందరగ చెప్త. అండర్ టెన్‌కు ఐదో నంబర్ బాల్ వద్దు, నాలుగో నంబర్, ఇంకా చిన్నోళ్లకు మూడు. హెడ్డింగ్ ప్రాక్టీస్ చిన్న పిల్లలకు బంద్, అమెరికాల 2015లనే పదేండ్లు, అంతకన్న తక్కువున్న పిల్లలకు ఆపేసిన్రు, ఇంగ్లండ్‌ల కూడ మెల్లగ తీసేస్తున్నరు. తలకు దెబ్బ తగిలి కండ్లు తిరుగుతున్నయంటే ఆ రోజుకు వాడు బయటనే, ఫైనలైనా సరే, కోచ్ ఇష్టం కాదు అది. నీళ్లు అడిగితే ఇయ్యాలె, నీళ్లు తాగితే స్టామినా పోతదని చెప్పే పాత సార్లు ఇంకా ఉన్నరు, నేనూ అట్లనే నేర్చుకున్న, తప్పు అది. కోచ్ ఏ పిల్లనూ, పిల్లగాన్నీ ఒంటరిగ బండి మీద దింపుడు, రూమ్‌కు పిలుసుడు, రాత్రిపూట పర్సనల్ మెసేజ్‌లు, ఏవీ లేవు, మెసేజ్ అంటే పేరెంట్స్ ఉన్న గ్రూపులనే. పోక్సో చట్టం 2012ల వచ్చింది, తెలిసి కూడ చెప్పకపోతే అది కూడ నేరమే, పరువు పోతదని దాచిపెట్టే లెక్కలు నా దగ్గర నడవయి.

ఆడపిల్లలు ఈసారి పద్నాలుగు మంది పేరిచ్చిన్రు, వాళ్లు మిక్స్‌డ్ టీమ్‌లల్ల ఆడుతరు. నిజామాబాద్ పిల్ల సౌమ్య గుగులోత్ ఇండియాకు ఆడుతుంది, ఆమె కూడ ఎక్కడో మగపిల్లలతో కొట్లాడి బాల్ గుంజుకున్నదే అయి ఉంటది. ఆడపిల్ల మీద ఓడిపోయినవా అనే మాట ఏ డాడీ నోట్లనుంచన్న వినపడితే ఆ డాడీని గేటు బయట నిలబెడ్త. ఇది జోకు కాదు.

ఇగ వచ్చే ఆదివారం సంగతి. పొద్దున ఆరున్నరకు రిపోర్టింగ్, ఏడుకు మొదటి మ్యాచ్. సున్నం గీతలు శనివారం సాయంత్రమే వేస్తం, ఇద్దరి చేతులు కావాలె. టచ్‌లైన్‌కు మూడు అడుగుల బయట ఒక తాడు కడ్తం, పేరెంట్స్ అందరూ తాడు అవతల, గోల్ వెనకాల ఎవరూ నిలబడొద్దు, గోలీకి ఉపదేశాలు వద్దు. మొదటి హాఫ్ మొత్తం చప్పట్లు తప్ప ఏ మాటా లేదు, కోచ్‌లకూ అదే రూల్, నాకూ అదే. ఇంగ్లండ్ల, అమెరికాల కొన్ని దగ్గర్ల ఇట్లాంటి రోజు పేరెంట్స్‌కు లాలీపాప్స్ పంచుతరంట, నోట్లె పెట్టుకుంటే మాట రాదని. మనకు లాలీపాప్ ఏం బాగుంటది, రెండు కిలోల పల్లీలు వేయిస్తున్నం, తాడు దగ్గర పొట్లాలు ఇస్తరు, ఒలుసుకుంట కూసోండి. పొట్టు మాత్రం గ్రౌండ్ల పారెయ్యొద్దు, సంచి పెడ్తం.

సరే, ఆ పిల్లలను లోపలికి రానియ్యండి.